స్క్రూజ్ నాటకం, దాంతోపాటు వచ్చే డ్రామా పదాలు: బట్టీ లేకుండా ఎలా చదివించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ అమ్మాయి అమెరికాలో ఏడో తరగతి. క్లాసులో ఇజ్రాయెల్ హోరోవిట్జ్ రాసిన ‘ఎ క్రిస్మస్ కారల్: స్క్రూజ్ అండ్ మార్లీ’ నాటకం చెబుతున్నారు. టీచర్ పాతిక డ్రామా పదాల జాబితా ఇచ్చారు. పాప నిర్వచనాలన్నీ గడగడా అప్పజెబుతోంది. కానీ ‘ఈ సీన్‌లో స్టేజ్ డైరెక్షన్స్ (రంగ సూచనలు) ఏం సాధిస్తున్నాయి?’ అని అడిగితే పెన్ను కదలడం లేదు. మీకేమో ఆ కథ తెలియదు. క్రైస్తవ కుటుంబం కాదు కాబట్టి సాయం చేయగలమో లేదో అని సందేహం. సినిమా చూపిస్తే సరిపోతుందా అన్నది చివరి ప్రశ్న.

నేను చాలా ఏళ్లు కాలేజీలో ఇంగ్లిష్ నాటకాలు పాఠం చెప్పాను. ఇప్పుడు టెక్సస్‌లో తెలుగు పిల్లల చేత నాటికలు వేయిస్తుంటాను. ఈ ఇబ్బంది మీ పాపది మాత్రమే కాదు. పదాల జాబితాని నాటకం నుంచి విడదీసి చదివితే ఎవరికైనా ఇలాగే అవుతుంది. దీనికి ఒక దారి ఉంది. ఈ నాటకానికి మూలం ఒక చిన్న నవల. నవలలో కథ చెప్పే గొంతు ఒకటి ఉంటుంది. వేదిక మీద ఆ గొంతుండదు. అది చెప్పిన సంగతులన్నీ నాటకంలో ఎవరు చెబుతున్నారు, ఏది చూపిస్తోంది అని వెతుక్కుంటూ పోతే జాబితాలోని పదాల్లో చాలావరకు వాటంతటవే ఎదురొస్తాయి. అది ఎలాగో చెబుతాను. ముందు కథ.

మతం గురించి బెంగ పెట్టుకోకండి. మన ఊళ్లలో క్రిస్మస్ నాటిక అంటే చర్చి పిల్లలు గొంగళ్లు కప్పుకుని గొర్రెల కాపరులుగా, తలపాగాలతో జ్ఞానులుగా వేసే యేసు జన్మవృత్తాంతం గుర్తొస్తుంది. ఇది అది కాదు. ఇందులో బెత్లెహేము లేదు, పశువుల పాక లేదు. ఇది లండన్‌లో ఒక వడ్డీ వ్యాపారి కథ. పేరు ఎబెనీజర్ స్క్రూజ్. ఏడేళ్ల కిందట సరిగ్గా క్రిస్మస్ ముందురోజు చనిపోయిన అతని భాగస్వామి జేకబ్ మార్లీ, నగదు పెట్టెలూ తాళాలూ లెక్కల పుస్తకాలూ వేలాడే గొలుసు ఈడ్చుకుంటూ దయ్యమై వస్తాడు. ఇంకా మూడు ఆత్మలు వస్తాయని హెచ్చరిస్తాడు. మొదటిది గతాన్ని, రెండోది వర్తమానాన్ని, మూడోది రాబోయే కాలాన్ని చూపిస్తాయి. తెల్లారేసరికి స్క్రూజ్ మారిపోతాడు. ఇంతే కథ.

ఇది ఎందుకు పుట్టిందో తెలిస్తే పాపకి థీమ్ గురించి, అంటే కథ వెనుక ఉన్న ప్రధాన భావం గురించి, రాయడం తేలికవుతుంది. చార్లెస్ డికెన్స్ 1843 శరత్కాలంలో లండన్‌లోని ఫీల్డ్ లేన్ రాగెడ్ స్కూల్ చూశాడు. అది చిరుగుబట్టల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడి. అక్కడి పరిస్థితి అతన్ని కుదిపేసింది. అతనికి అది బొత్తిగా తెలియని లోకమేమీ కాదు. 1824లో తండ్రిని అప్పుల కింద మార్షల్‌సీ జైల్లో పెట్టినప్పుడు పన్నెండేళ్ల డికెన్స్ బూట్‌పాలిష్ తయారుచేసే చోట సీసాలకు లేబుళ్లు అంటించే పని చేశాడు. 1834లో ఇంగ్లండ్‌లో పేదల చట్టం మారింది. సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో చేరాలి, అక్కడ భార్యనీ భర్తనీ పిల్లల్నీ విడదీసి ఉంచేవారు. విరాళం కోసం వచ్చిన పెద్దమనుషులతో స్క్రూజ్ ‘జైళ్లు లేవా? వర్క్‌హౌస్‌లు లేవా?’ అంటాడే, ఆ మాట వెనుక ఉన్నది ఈ చట్టం. అక్కడికి పోవడం కంటే చావడం మేలనుకునేవాళ్లున్నారని వాళ్లంటే, అయితే చచ్చి ‘అదనపు జనాభా’ని తగ్గించమంటాడు. ఆ రోజుల్లో, తిండి కంటే జనాభా వేగంగా పెరుగుతుందన్న మాల్థస్ సిద్ధాంతం పేరు చెప్పి జనం నిజంగా అంటున్న మాట అది.

పుస్తకం 1843 డిసెంబర్ 19న వచ్చింది. మొదటి ముద్రణ 6,000 ప్రతులు క్రిస్మస్ లోపే అమ్ముడైపోయాయి. ధర 5 షిల్లింగులు. కథలో స్క్రూజ్ దగ్గర పనిచేసే గుమాస్తా బాబ్ క్రాచిట్ జీతం వారానికి 15 షిల్లింగులు. అంటే తన గురించి రాసిన పుస్తకం కొనాలంటే బాబ్ మూడోవంతు వారం జీతం వదులుకోవాలి. ఈ లెక్క పాపకి చెప్పండి, ‘సెట్టింగ్’ అంటే ఊరూ సంవత్సరమూ మాత్రమే కాదని, అప్పటి బతుకు పరిస్థితి కూడా అని పట్టుబడుతుంది.

ఇది వేదిక ఎక్కడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఏడు వారాలు తిరిగేసరికి, 1844 ఫిబ్రవరి 5న, లండన్ అడెల్ఫీ థియేటర్లో ఎడ్వర్డ్ స్టిర్లింగ్ నాటకీకరణ మొదలైంది. అదే రోజు సర్రీ థియేటర్లో ఇంకొకరి నాటకం. అప్పటి నుంచి ఎందరో ఎన్నో విధాలుగా ఈ నవలని నాటకంగా మలిచారు. మీ పాప చదువుతున్న హోరోవిట్జ్ నాటకం 1970ల చివరిది, రెండు అంకాలు. కాబట్టి నెట్‌లో దొరికే నోట్సు ఏ నాటకానిదో చూసుకోండి. నవలకి రాసిన నోట్సులో ‘స్టేవ్’ అని ఐదు అధ్యాయాలుంటాయి, యాక్టులు ఉండవు.

ఇక అసలు పని. నవల మొదటి వాక్యంలోనే కథకుడు మార్లీ చచ్చిపోయాడని కుండబద్దలు కొట్టి చెబుతాడు. తర్వాత పేజీలకు పేజీలు తనే మాట్లాడతాడు, హాస్యమాడతాడు, స్క్రూజ్ పిసినారితనాన్ని వర్ణిస్తాడు. వేదిక మీద ఈ పని ఎవరు చేయాలి? హోరోవిట్జ్ చేసిన ఉపాయం ఏమిటంటే ఆ చచ్చిపోయినవాణ్నే తీసుకొచ్చి నిలబెట్టాడు. చీకటి, దయ్యాల సంగీతం, ఒకే ఒక స్పాట్‌లైట్, అందులో మార్లీ. తిన్నగా ప్రేక్షకులతో మాట్లాడతాడు. తానెవరో, ఎప్పుడు చనిపోయాడో, స్క్రూజ్ ఎలాంటివాడో చెబుతాడు.

ఈ ఒక్క చోటే నాలుగు పదాలు దొరుకుతాయి. ఒకే పాత్ర ఏకబిగిన మాట్లాడే పొడుగు ప్రసంగం కాబట్టి మోనోలాగ్. కథ ముందుకు పోవడానికి ప్రేక్షకుడికి తెలియాల్సిన పూర్వరంగం అందిస్తోంది కాబట్టి ఎక్స్‌పొజిషన్. మార్లీ ఎలా కనబడాలో, వెలుగు ఎక్కడ పడాలో బ్రాకెట్లలో ఏటవాలు అక్షరాల్లో ఉన్నవి స్టేజ్ డైరెక్షన్స్. ఇలాంటివాడు ఇంకోసారి వస్తాడేమో అని మనలో అనుమానం పుట్టించే ముందస్తు సూచనకి పేరు ఫోర్‌షాడోయింగ్. పాపతో నవల మొదటి పేజీ, నాటకం మొదటి పేజీ పక్కపక్కన పెట్టి చదివించండి. నవల ఎప్పుడో కాపీరైట్ దాటిపోయింది, ఉచితంగా దొరుకుతుంది. రెండింట్లో ఏ సంగతి ఎవరి నోట వచ్చిందో పెన్సిల్‌తో గీయమనండి. నా అనుభవంలో ఆ ఒక్క గంట పని, ఫ్లాష్‌కార్డులతో గడిపిన వారం కంటే ఎక్కువ పనికొచ్చింది.

మీకు ఇది కొత్త వ్యవహారం కాదు. మన నాటకాల్లో సూత్రధారుడు ముందుగా వచ్చి ప్రస్తావన చేసేది ఇందుకే. సూత్రధారుడు లేకుండా ఎక్స్‌పొజిషన్ ఎలా చేయాలో చూపించడానికి నేను తెలుగు పిల్లలకు ‘కన్యాశుల్కం’ మొదటి సీన్ చదివి వినిపిస్తాను. విజయనగరంలో బొంకులదిబ్బ, గిరీశం ఒక్కడే. పూటకూళ్లమ్మ డబ్బు సానిదాని కోసం ఖర్చుపెట్టేశానని, ఊళ్లో నిలవడం కష్టమని తనలో తాను అనుకుంటాడు. అర నిమిషంలో వాడి అప్పులు, వాడి తెలివి, వాడి సిగ్గులేనితనం అన్నీ మనకు తెలిసిపోతాయి. ఎవరూ మనకి చెప్పినట్టు ఉండదు. మార్లీ పద్ధతి కంటే ఇది కష్టమైన విద్య.

గిరీశం దగ్గర ఇంకో లాభం ఉంది. జాబితాలో పిల్లలు ఎక్కువగా కలగాపులగం చేసే మూడు పదాలు మోనోలాగ్, సొలిలొక్వీ, అసైడ్. సరిహద్దు ఎక్కడుందంటే, మోనోలాగ్ ఎవరితోనైనా కావచ్చు, పొడుగ్గా ఒక్కరే మాట్లాడాలి అంతే. సొలిలొక్వీలో పాత్ర ఒంటరిగా ఉండి తన ఆలోచనని పైకి అంటుంది. గిరీశానిది అదే. అసైడ్‌లో పక్కన వేరే పాత్రలు ఉంటాయి, కానీ ఆ మాట వాళ్లకు వినబడలేదనే ఒప్పందం. అది ప్రేక్షకుడికే. సంస్కృత నాటకాలు చదివినవాళ్లు స్వగతాన్ని సొలిలొక్వీతో జతకట్టి ఊరుకుంటారు. ఎదుట దుష్యంతుడో శకుంతలో ఉండగానే పాత్ర ‘స్వగతం’ అని చెప్పుకునే చిన్న మాట అసైడ్‌కే దగ్గర. ఇక జనాంతికం ఇంకోటి: మూడు వేళ్లు ఎత్తి చేయి అడ్డంపెట్టి వేదిక మీదున్న ఒకరితో మాత్రమే చెప్పి, మిగతావాళ్లకు వినబడలేదనడం. పాపకు ఆ చేతి ముద్ర చూపించండి. నవ్వుతుంది, మర్చిపోదు.

స్క్రూజ్ కథలో నిఖార్సైన సొలిలొక్వీ కావాలంటే చివరికి పొండి. క్రిస్మస్ తెల్లవారుజామున గదిలో ఒంటరిగా లేచి, ఏం చేయాలో తెలియడం లేదని, ఈకలా తేలిగ్గా ఉందని గంతులేస్తూ మాట్లాడే భాగం. నవలలో ఉన్నదే. నాటకాలవాళ్లు దీన్ని వదులుకోరు, నటుడికి పండగ అది.

ఇప్పుడు ఆఫీసు సీన్. స్టేజ్ డైరెక్షన్స్ మీద మీ పాప ఆగిపోయిందన్నారు కదా, ఇక్కడే దాన్ని ఛేదించాలి. నవలలో ఒక సంగతి ఉంది. స్క్రూజ్ గదిలో చిన్న మంట. పక్క గదిలో బాబ్ మంట ఇంకా చిన్నది, ఒక్క బొగ్గుముక్కేమో అన్నంత. బొగ్గుపెట్టె స్క్రూజ్ గదిలోనే ఉంటుంది. బొగ్గు కోసం వస్తే ఉద్యోగం ఊడుతుందన్న సూచన. అందుకే బాబ్ మెడకు తెల్లటి మఫ్లర్ చుట్టుకుని కొవ్వొత్తి దగ్గర చేతులు కాచుకోబోతాడు, అదీ కుదరదు. ఈ మొత్తాన్ని డైలాగ్ లేకుండా వేదిక మీద చూపించమని పాపను అడగండి. ఏ వస్తువులు కావాలి? బొగ్గుపెట్టె, కొవ్వొత్తి, మఫ్లర్. ఇవి ప్రాప్స్. రెండు గదులు ఒకేసారి కనబడాలంటే మధ్యలో ఏముండాలి? అది సెట్. బాబ్ లేచి బొగ్గుపెట్టె వైపు రెండడుగులు వేసి స్క్రూజ్ తల ఎత్తగానే వెనక్కి తగ్గితే? అది స్టేజ్ డైరెక్షన్, అదే క్యారెక్టరైజేషన్ కూడా, అంటే పాత్ర స్వభావాన్ని తెలియజేయడం. స్క్రూజ్ పిసినారి అని ఒక్కరూ అనలేదు, అయినా ప్రేక్షకుడికి తెలిసింది.

ఇలా స్వయంగా రాసి చూశాక, హోరోవిట్జ్ ఆ సీన్‌కి ఏం రాశాడో చూడమనండి. అప్పుడు ‘స్టేజ్ డైరెక్షన్స్ ఏం సాధిస్తున్నాయి?’ అన్నది ఆమె సొంత ప్రశ్న అవుతుంది.

చదివేటప్పుడు ఇంకో చిట్కా. ఇంట్లో ముగ్గురుంటే ఒకరు స్క్రూజ్, ఒకరు మిగతా పాత్రలు, మూడోవారు బ్రాకెట్లలో ఉన్నది మాత్రమే చదవాలి. పిల్లలు కళ్లతో చదివేటప్పుడు ఏటవాలు అక్షరాలను దాటేసుకుపోతారు. గొంతెత్తి చదివే మనిషి ఒకరున్నప్పుడు వాటిని తప్పించుకోలేరు. మేనల్లుడు ఫ్రెడ్ ఉత్సాహంగా పండగ శుభాకాంక్షలు చెబుతూ వచ్చే చోట మొదలుపెట్టండి. స్క్రూజ్ ‘బా! హంబగ్!’ అని కసిరే చోటు అదే. ఒట్టి బూటకం అని అర్థం. మీరే స్క్రూజ్ వేషం తీసుకోండి, పిల్లలకి నాన్నగారు కసరడం సరదాగా ఉంటుంది.

స్టేజ్ డైరెక్షన్స్‌లో అక్కడక్కడా డి.సి. లాంటి పొట్టి అక్షరాలు కనిపిస్తాయి. డౌన్‌స్టేజ్ సెంటర్ అని. డౌన్‌స్టేజ్ అంటే ప్రేక్షకుల వైపు, అప్‌స్టేజ్ అంటే వెనక తెర వైపు. పూర్వం వేదిక వెనకవైపు ఎత్తుగా, ముందుకు వాలుగా కట్టేవారు కాబట్టి ఆ పేర్లు. కుడి ఎడమలు నటుడివి, మనవి కావు. దీని మీద ఒక మార్కు ప్రశ్న తప్పకుండా ఉంటుంది. యాక్ట్ అంటే అంకం, సీన్ అంటే రంగం. చోటో కాలమో మారితే సాధారణంగా సీన్ మారుతుంది. వీటికి ఇంతకంటే సమయం పెట్టక్కర్లేదు.

ఆత్మలు రావడం మొదలయ్యాక నాటకం స్వభావమే మారిపోతుంది. నాకు ఈ రచనలో అన్నింటికంటే ఇష్టమైన విషయం ఇక్కడే ఉంది, క్లాసులో ఎవరూ చెప్పరు. గతకాలపు ఆత్మ స్క్రూజ్‌ని అతని చిన్నప్పటి బడికి తీసుకెళ్తుంది. అక్కడ కనబడేవి నీడలు మాత్రమేనని, మనం ఉన్నట్టు వాళ్లకు తెలియదని అంటుంది. అంటే స్క్రూజ్ చూడగలడు, ఏడవగలడు, అరవగలడు, కానీ ఏదీ మార్చలేడు. అది ప్రేక్షకుడి స్థితి కదా! ముసలాయన్ని కూర్చోబెట్టి అతని జీవితాన్నే నాటకంగా ఆడి చూపిస్తున్నారు. అతను లోపల ఉన్నవాళ్ల గురించి అనే మాటలు వాళ్లకు వినబడవు, మనకీ ఆత్మకీ వినబడతాయి. అంటే ఆ సీన్లలో స్క్రూజ్ మాట్లాడే ప్రతి మాటా దాదాపు అసైడ్‌లా పనిచేస్తుంది. నిర్వచనానికి అచ్చంగా సరిపోదు, ఎందుకంటే ఆత్మ వింటోంది. కానీ మీ పాప ఈ తేడాతో సహా రాస్తే టీచర్ పక్కన ఒక టిక్కు ఎక్కువే పెడతారు.

గతానికి వెళ్లే ఈ సీన్లు ఫ్లాష్‌బ్యాక్. సెలవులకు అందరూ ఇళ్లకెళ్లిపోతే బడిలో ఒంటరిగా మిగిలిన పిల్లవాడు, ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన చెల్లెలు ఫ్యాన్, ఆ ఫ్యాన్ కొడుకే ఇప్పుడు ఆఫీసులోంచి కసిరి పంపిన ఫ్రెడ్. తర్వాత పాత యజమాని ఫెజ్జివిగ్ ఇచ్చే క్రిస్మస్ విందు. దానికి అయిన ఖర్చు మూడు నాలుగు పౌండ్లే కదా అని ఆత్మ దెప్పుతుంది. స్క్రూజ్ కాదంటాడు. నౌకర్లని సంతోషంగా ఉంచడమో ఏడిపించడమో యజమాని చేతిలో ఉందని వాదిస్తాడు. అంటూనే ఆగిపోతాడు. ఇప్పుడు నా గుమాస్తాతో ఒకటి రెండు మాటలు మాట్లాడగలిగితే బాగుండును అంటాడు.

ఈ చోట గీత గీయించండి. క్లైమాక్స్ ప్రశ్నకు ఇది కావాలి. ఈ నాటకంలో క్లైమాక్స్ ఎక్కడ అంటే చాలా ఆన్సర్ కీలు శ్మశానం సీన్ అంటాయి: సమాధి రాయి మీద తన పేరే చూసి స్క్రూజ్ మోకాళ్ల మీద పడి, మారతానని మాటిచ్చే చోటు. పరీక్షలో అదే రాయమనండి, ఉద్వేగం శిఖరానికి చేరేది అక్కడే, ఆ తర్వాత కథకు వెనక్కి పోయే దారి లేదు. కానీ మార్పు మొదలైంది మాత్రం శ్మశానంలో కాదు, ఫెజ్జివిగ్ విందులో, భయంతో కాదు, కృతజ్ఞతతో. నన్నడిగితే డికెన్స్ గొప్పతనం అక్కడుంది. చావు భయంతోనే మారితే స్క్రూజ్ ఇంకో బేరం ఆడినట్టే అయ్యేది. ‘కాన్‌ఫ్లిక్ట్ ఏమిటి?’ అన్న ప్రశ్నకి కూడా ఇక్కడే మంచి జవాబు దొరుకుతుంది. స్క్రూజ్‌కి ఫ్రెడ్‌తో, విరాళాలవాళ్లతో ఉన్నది బయటి ఘర్షణ. పాత తనకీ కొత్త తనకీ మధ్య నడిచేది లోపలి ఘర్షణ. నాటకం నడిచేది రెండో దాని మీదే.

రెండో ఆత్మతో వచ్చే క్రాచిట్ ఇంటి విందు, ఊతకర్రతో కుంటే బాబ్ కొడుకు టైనీ టిమ్, యజమాని పేరు మీద గ్లాసు ఎత్తడానికి బాబ్ భార్య మొదట ఒప్పుకోకపోవడం, ఇవన్నీ మీరు చదువుతుంటేనే అర్థమవుతాయి. ఒక్క విషయం గమనించమనండి. ఆ పిల్లవాడు బతుకుతాడా అని స్క్రూజ్ అడిగినప్పుడు, ఆత్మ అతని మాటే అతనికి తిప్పికొడుతుంది: చావాల్సి ఉంటే చావనీ, అదనపు జనాభా తగ్గుతుంది. ఆత్మ అంగీ కింద నుంచి అజ్ఞానం, లేమి అనే పేర్లతో ఇద్దరు బక్కచిక్కిన పిల్లలు బయటపడ్డప్పుడు మళ్లీ అంతే: జైళ్లు లేవా, వర్క్‌హౌస్‌లు లేవా? మొదటి అంకంలో విసురుగా అన్న డైలాగు రెండో అంకంలో శిక్షగా తిరిగొచ్చింది. డైలాగ్ అంటే ‘పాత్రల మధ్య మాటలు’ అని నిర్వచనం రాసి ఆపేయకుండా, ఈ రెండు చోట్లనీ ఎదురెదురుగా పెట్టి రాయమనండి. థీమ్ ప్రశ్నకి కూడా ఇదే ఆధారం సరిపోతుంది.

మూడో ఆత్మ అసలు మాట్లాడదు. నల్లటి ముసుగు, బయటికి కనిపించే ఒక్క చెయ్యి, అది చూపించే వేలు. డైలాగ్ సున్నా. అయినా అందరికంటే భయపెట్టేది అదే. నాటకంలో పాత్ర అంటే మాటలే అనుకునే పిల్లలకి దీనికంటే మంచి పాఠం దొరకదు. ఆ పాత్ర మొత్తం స్టేజ్ డైరెక్షన్స్‌లోనే ఉంటుంది: కదలిక, వెలుగు, నిశ్శబ్దం. ఇంకో సంగతి. ఎవరో చనిపోయారు. వ్యాపారులు భోజనం పెడితేనే అంత్యక్రియలకి వస్తామని జోకులేస్తున్నారు. పనివాళ్లు ఆ శవం మంచం తెరలు, చొక్కా కూడా ఊడదీసి ఓల్డ్ జో కొట్లో అమ్ముకుంటున్నారు. చనిపోయింది ఎవరో మనకి ఎప్పుడో తెలిసిపోయింది. స్క్రూజ్‌కి మాత్రం సమాధి రాయి దాకా తెలియదు, లేదా తెలుసుకోవాలని లేదు. ప్రేక్షకుడికి తెలిసింది పాత్రకి తెలియకపోవడం, అదే డ్రమాటిక్ ఐరనీ. ఒట్టి ఐరనీ అని రాస్తే మార్కు పోతుంది, ‘మనకు ఏం తెలుసు, స్క్రూజ్‌కి ఏం తెలియదు’ అన్న రెండూ రాయాలి.

జాబితాలో మిగిలిన పదాలు తేలికే. ఫాయిల్ అంటే పక్కన నిలబెట్టి ఇంకో పాత్రని స్పష్టం చేసే పాత్ర. పిల్లలు బాబ్ అని రాస్తారు, ఫరవాలేదు. యజమానిగా స్క్రూజ్‌కి ఫెజ్జివిగ్, అదే రక్తం పంచుకున్నవాడిగా ఫ్రెడ్ ఇంకా గట్టి జవాబులు. మారే పాత్ర డైనమిక్, మారనిది స్టాటిక్. ఫాలింగ్ యాక్షన్‌లో, అంటే క్లైమాక్స్ తర్వాత కథ ముగింపు వైపు దిగే భాగంలో, టర్కీ కోడి కొని పంపడం, విరాళం చెవిలో చెప్పడం, ఫ్రెడ్ ఇంటికి భోజనానికి పోవడం ఉంటాయి. మర్నాడు పద్దెనిమిదిన్నర నిమిషాలు ఆలస్యంగా వచ్చిన బాబ్‌ని మొదట పాత గొంతుతోనే గద్దించి, ఆనక జీతం పెంచడం, టైనీ టిమ్ బతకడం రిజల్యూషన్, అంటే చిక్కులన్నీ విడిపోయే ముగింపు.

జవాబు రాయించేటప్పుడు పాప పదం నిర్వచనంతో మొదలుపెట్టకుండా చూడండి. ముందు వేదిక మీద ఏం జరిగిందో ఒక వాక్యం, తర్వాత దానికి పేరు, తర్వాత అది లేకపోతే ప్రేక్షకుడు ఏం కోల్పోయేవాడో. ‘బాబ్ బొగ్గుపెట్టె వైపు వెళ్లబోయి ఆగిపోతాడు, ఈ స్టేజ్ డైరెక్షన్ వల్ల అతని భయం, స్క్రూజ్ పెత్తనం ఒక్క మాట లేకుండా తెలుస్తాయి’ లాంటిది ఆమె సొంత ఇంగ్లిష్‌లో. పుస్తకంలో అలాంటి డైరెక్షన్ ఉందో లేదో చూసుకుని, ఉన్నదే ఉదహరించాలి. ఈ మూడో భాగం రాయలేకపోతోందంటే పదం ఇంకా బట్టీలోనే ఉందని లెక్క. మళ్లీ ఆ సీన్ బిగ్గరగా చదివించండి.

సినిమా సంగతి. చదవడం పూర్తయ్యాకే చూపించండి, లేకపోతే సినిమాలో ఉన్నది నాటకంలో ఉన్నట్టు రాసి మార్కులు పోగొట్టుకుంటారు. 1951లో అలస్టెయిర్ సిమ్ స్క్రూజ్‌గా వేసిన నలుపు తెలుపు చిత్రం నటన కోసం చూడాలి. పిల్లలకైతే 1992 మప్పెట్ల సినిమా నచ్చుతుంది. అందులో గాంజో అనే బొమ్మ డికెన్స్ వేషంలో కథ చెబుతూ తిరుగుతుంటుంది. నవలలోని కథకుడి గొంతుకి వాళ్లు చేసిన ఏర్పాటు అది. నవలలో ఆ గొంతు ఎక్కడుంది, హోరోవిట్జ్ దాన్ని మార్లీకి ఎంత ఇచ్చాడు, సినిమా బొమ్మకి ఎంత ఇచ్చింది అని పాప చేతే ఒక కాగితం మీద మూడు నిలువు గడులు గీయించి రాయించండి. కాగితం నిండాక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, ఎక్కడైనా తేడాగా ఉంటే చెబుతాను.